కొండ, దిబ్బ, లంక: వేంగీసీమలో పట్టణ వారసత్వం నిలిచిన తీరు

వ్యాససంగ్రహం: ఏలూరు, దెందులూరు, పెదవేగి, కైకలూరు, ఆకివీడు పరిసరాలు ప్రాచీన వేంగీరాజ్యానికి నడిబొడ్డు. శతాబ్దాల పాటు రాజధానిగా వెలసిన వేంగీనగరం నేడు ఒక గ్రామంగా, కొన్ని దిబ్బలుగా మిగిలింది. దానికి ఉత్తరాన ఉన్న గుంటుపల్లి కొండమీది బౌద్ధక్షేత్రం మాత్రం రెండు వేల ఏళ్ల తరువాత కూడా గుర్తించదగిన రూపంలో ఉంది. కొల్లేటి నడుమ ఉన్న కొల్లేటికోటలో కోట కంటే కథ, జాతర ఎక్కువగా నిలిచాయి. ఒకే సీమలోని ఈ మూడు చోట్ల వారసత్వం మూడు విధాలుగా నిలవడానికి కారణాలను పరిశీలించడం, అందులో స్థలనామాలకూ స్థానిక వ్యవహారానికీ ఉన్న పాత్రను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేంగి, గుంటుపల్లి, పెదవేగి, కొల్లేరు, పాటిదిబ్బ, స్థలనామాలు, వారసత్వ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

పరిరక్షిత పట్టణం అనగానే ఇళ్లు, వీధులు, ప్రహరీలు, వంతెనలు యథాతథంగా ఉన్న ఊరు మనసులో మెదులుతుంది. బల్గేరియాలోని స్రెద్నా గోరా పర్వతాల నడుమ ఉన్న కొప్రివ్‌ష్టిత్సా అటువంటి పట్టణం. ఆటోమన్ పాలనకు వ్యతిరేకంగా 1876లో జరిగిన ఏప్రిల్ తిరుగుబాటు అక్కడే మొదలైంది. ఆ కాలపు వర్తకుల, రచయితల, తిరుగుబాటు నాయకుల ఇళ్లను అక్కడ కాపాడుకున్నారు. వాటిలో కొన్ని నేడు ప్రదర్శనశాలలు. ఊరు మొత్తానికీ చట్టబద్ధమైన రక్షణ ఉంది. కొప్రివ్‌ష్టిత్సా కాపాడుకున్నది సుమారు నూటయాభై, రెండువందల ఏళ్ల నాటి గృహసంపద. అందులో ఎక్కువ భాగం రాతి పునాదుల మీద లేచిన కొయ్యకట్టడమే.

ఈ కొలతతో చూస్తే వేంగీసీమలో పరిరక్షిత పట్టణమన్నదే లేదు. శాలంకాయనుల నాటి ఇల్లు ఒక్కటి కూడా నేడు నిలబడి లేదు. తూర్పు చాళుక్యుల రాజగృహం ఎక్కడుండేదో వేలెత్తి చూపలేము. అంతమాత్రాన ఈ సీమ తన పట్టణాన్ని పూర్తిగా పోగొట్టుకున్నదనడం సరికాదు. ఆ పట్టణపు అంశాలు వేర్వేరు చోట్ల, వేర్వేరు రూపాల్లో నిలిచాయి. దాని కొయ్యకట్టడపు తీరు కొండరాతిలో, దాని నేల దిబ్బలో, దాని నీటి జ్ఞాపకం లంకలో, దాని పేరు భాషలో ఉన్నాయి. వీటిని కలిపి చదివితేనే వేంగి అర్థమవుతుంది.

2. వేంగి: చారిత్రక నేపథ్యం

ఏలూరుకు ఉత్తరంగా సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగిని ప్రాచీన వేంగీపురంగా చరిత్రకారులు గుర్తించారు. సముద్రగుప్తుని అలహాబాదు ప్రశస్తి అతడు దక్షిణాపథంలో జయించిన రాజుల వరుసలో వేంగికి చెందిన హస్తివర్మను పేర్కొన్నది. ఇతడు శాలంకాయన వంశీయుడు. శాలంకాయనులు తమ దానశాసనాలలో చిత్రరథస్వామి పాదభక్తులుగా చెప్పుకున్నారు. ఆ శాసనాలలో కొన్ని ఏలూరు, పెదవేగి ప్రాంతాలలోనే లభించాయి.

శాలంకాయనుల తరువాత ఈ సీమ విష్ణుకుండినుల అధీనంలోకి వచ్చింది. వారి చిక్కుళ్ల శాసనం వెలువడిన లెందులూర నేటి దెందులూరేనని పరిశోధకుల అభిప్రాయం. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి వేంగిని జయించి తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనునికి అప్పగించాడు. తూర్పు చాళుక్యరాజ్యం క్రీ.శ. 624లో మొదలైనట్లు చరిత్రకారులు లెక్కించారు. పులకేశి విజయాలను కీర్తించే ఐహోళె శాసనం క్రీ.శ. 634 నాటిది. అందులో యుద్ధరక్తంతో ఎరుపెక్కినట్లు వర్ణితమైన కునాళ జలాశయం కొల్లేరేనని పరిశోధకులు గుర్తించారు. దండి దశకుమారచరితంలోని ఆంధ్రనగరం, దాని సమీపంలోని మహాసరస్సు కూడా వేంగి, కొల్లేరులేనన్న అభిప్రాయం ఉంది. రాజధాని, సరస్సు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నట్లు ఈ ఆధారాలు సూచిస్తాయి.

ఏడవ శతాబ్దంలో ఆంధ్రదేశాన్ని సందర్శించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఇక్కడి బౌద్ధారామాలను గురించి రాశాడు. రాజధాని సమీపంలోని ఒక కొండమీద దిఙ్నాగాచార్యుడు తర్కశాస్త్ర గ్రంథం రచించినట్లు కూడా పేర్కొన్నాడు. వేంగి రాజకీయ కేంద్రంగానే కాక విద్యాకేంద్రంగానూ దూరదేశాలకు తెలిసిన చోటని దీనివల్ల స్పష్టమవుతుంది. కాలక్రమంలో రాజధాని గోదావరి తీరానికి తరలింది. క్రీ.శ. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుని నాటికి రాజమహేంద్రవరం రాజధాని. నన్నయ భారతావతారికలో ఆ నగరాన్ని వేంగీదేశానికి నడిమి రత్నంగా వర్ణించాడు. తెలుగు ఆదికావ్యం పుట్టే వేళకు వేంగి అనే ఊరు రాజధాని కాదు. అయినా దేశానికి ఆ పేరే నిలిచింది.

3. కొండ: గుంటుపల్లి

కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధక్షేత్రం జీలకర్రగూడెం గ్రామం వద్ద, గోదావరి డెల్టా ముగిసి మెట్టప్రాంతం మొదలైన తరువాత ఎదురయ్యే కొండలలో ఉంది. గుహాచైత్యం, గుహావిహారాలు, గజపృష్ఠాకారపు ఇటుక చైత్యం, రాతిస్తూపం, మండపం, పెద్ద సంఖ్యలో ఉద్దేశికస్తూపాలు ఇక్కడ కనిపిస్తాయి. ఇక్కడి తొలి నిర్మాణాలు క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాలకు చెందినవి. శాసనాలలో ఈ కొండకు మహానాగపర్వతమన్న పేరు కనిపిస్తుంది.

ఇక్కడి మండపస్తంభాల మీద లభించిన బ్రాహ్మీశాసనం ప్రత్యేకంగా గమనించదగినది. కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశీయుడు అయిన సిరిసద మహారాజు వద్ద లేఖకుడైన చులగోముడు ఆ మండపాన్ని దానం చేసినట్లు అది చెబుతుంది. రాజు పేరు కాలనిర్ణయానికి ఉపకరిస్తే, లేఖకుని పేరు సమాజచరిత్రకు ఉపకరిస్తుంది. రాత వృత్తిగా గల ఉద్యోగి సొంత దానంతో మండపం కట్టించగల స్థితిలో ఉండడం, ఆ విషయాన్ని రాతిమీద చెక్కించుకోవడం ఆనాటి పాలనావ్యవస్థలో లేఖకుని స్థానాన్ని తెలుపుతాయి.

వాస్తుపరంగా ఈ క్షేత్రానికి తలమానికం వృత్తాకార గుహాచైత్యం. గుండ్రని గది నడుమ కొండరాతిలోనే తొలిచిన స్తూపం, దాని చుట్టూ ఇరుకైన ప్రదక్షిణమార్గం, పైన గుమ్మటం వంటి కప్పు ఉన్నాయి. ఆ కప్పు లోపలివైపు నడినెత్తి నుండి చుట్టూ దిగుతున్న వాసాల వంటి చెక్కడాలు కనిపిస్తాయి. ముఖభాగంలోని తోరణంలో కొయ్యదూలాల కొసలను పోలిన రూపాలున్నాయి. బీహారులోని బరాబర్ కొండల్లో ఉన్న లోమశఋషి, సుదామ గుహలతో దీనికి గల పోలికను కళాచరిత్రకారులు ఎత్తిచూపారు.

రాతికి వాసాలతో పనిలేదు. కొండను తొలిచిన గదిలో కప్పు బరువును మోసేది కొండే. అయినా శిల్పి వాసాలు చెక్కాడు. అతని కంటికి అలవాటైన కట్టడం కొయ్యతో, గడ్డితో వేసిన గుండ్రని ఇల్లు. తీరాంధ్ర గ్రామాల్లో ఇటీవలి కాలం వరకు విస్తారంగా కనిపించిన చుట్టింటిలోకి అడుగుపెట్టి తలెత్తి చూస్తే, నడినెత్తిన కలిసే వాసాలు అదే అమరికలో ఉంటాయి. చుట్టిల్లు నేరుగా గుంటుపల్లి నుండి వచ్చిందని కానీ, గుంటుపల్లి శిల్పి ఫలానా ఊరి ఇంటిని చూసి చెక్కాడని కానీ ఈ పోలికను బట్టి నిర్ణయించలేము. అయితే చెదలకూ వానకూ నిప్పుకూ ఆహుతై ఆనవాలు మిగలని ఒక కొయ్యకట్టడపు సంప్రదాయాన్ని ఈ గుహ రాతిలో భద్రపరచిందనడంలో సందేహం లేదు. కొప్రివ్‌ష్టిత్సాలో కొయ్య ఇంటిని ఇంటిగానే కాపాడారు. ఇక్కడ దాని ప్రతిరూపం మాత్రమే మిగిలింది.

ఈ చైత్యం నిలిచినందుకు రాయి ఒక కారణమైతే, నమ్మకం మరొక కారణం. బౌద్ధం అంతరించిన తరువాత గుహలోని స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడుగా కొలిచారు. శివరాత్రికి, కార్తికమాసానికి భక్తులు వచ్చే చోటుగా అది మారింది. స్తూపాన్ని లింగంగా భావించడం చరిత్రదృష్టికి పొరపాటుగా తోచవచ్చు. ఫలితాన్ని చూస్తే మాత్రం, రాకపోకలు తెగని గుహ పశువులపాకగానో రాతిగనిగానో మారే ప్రమాదం తగ్గింది. ధర్మ అన్న మాట ఆ దేవుని పేరులో నిలవడం కూడా ఆలోచించదగిన విషయమే.

4. దిబ్బ: పెదవేగి, దెందులూరు

కొండ దిగి పల్లపు నేలకు వస్తే పరిస్థితి వేరు. పెదవేగిలో ధనమ్మదిబ్బ, దెందులూరులో భీమలింగాలదిబ్బ వంటి పేర్లతో పాత జనావాసాల, కట్టడాల శిథిలాలు మట్టిగుట్టలుగా మిగిలాయి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 1980వ దశకంలో పెదవేగిలో జరిపిన తవ్వకాలలో ఇటుక కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి.

రాజధాని దిబ్బగా మారడానికి రాజకీయ కారణం అధికారకేంద్రం తరలిపోవడం. భౌతిక కారణాలు అంతకంటే దైనందినమైనవి. డెల్టా ప్రాంతంలో రాయి దొరకదు. ఇల్లు కట్టాలన్నా, గుడి కట్టాలన్నా, కోట కట్టాలన్నా చేరువలో సిద్ధంగా ఉన్నది పాత ఇటుక. ఏలూరు కోటకు వేంగి శిథిలాలే వాడారన్న మాట ఈ ప్రాంతంలో ప్రచారంలో ఉంది. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు విషయంలో ఆధారం మరింత స్పష్టం. అక్కడి స్తూపపు ఇటుకలను రోడ్డు పనికి, చలువరాళ్లను కాలువ తూముకు వాడారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువలు, లాకులు, వంతెనలు, రోడ్లు డెల్టాకు అన్నం పెట్టాయి. ఆ పనులలో దిబ్బల్లోని రాయి, ఇటుక కరిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

రెండవ కారణం సేద్యం. పూర్వపు జనావాసాల బూడిద, పేడ, ఎముకలు కలిసి మెత్తబడిన మట్టికి తెలుగులో పాటిమన్ను అన్న పేరుంది. అది పొలానికి మంచి ఎరువు. రైతులు తరతరాలుగా పాటిదిబ్బలను బండ్లకెత్తి చేలకు తోలారు. ఎవరి దృష్టిలోనూ అది విధ్వంసం కాదు. పాత ఊరు కొత్త పంటకు సారమైంది. పురావస్తు శాస్త్రానికి మాత్రం అది పొరలు పొరలుగా ఉన్న చరిత్రను తారుమారు చేయడమే. పాటి అన్న మాట ఒక ప్రదేశనామంలో ఉన్నదంటే అక్కడ ప్రాచీన జనావాసం ఉండేదనడానికి అది తొలి సూచన. శాస్త్రజ్ఞుని పరిభాష రాకముందే రైతు భాషలో ఈ విభజన ఉంది.

దిబ్బలకు పడిన పేర్లు కూడా ఆధారాలే. భట్టిప్రోలు, గుడివాడ స్తూపాల దిబ్బలకు వ్యవహారంలో లంజదిబ్బ అన్న పేరు నిలిచింది. ఒకనాటి ఆరాధనాస్థలం పేరు నిందగా మారడం బౌద్ధం పట్ల జనస్మృతిలో వచ్చిన మార్పును తెలుపుతుంది. దీనికి భిన్నంగా పెదవేగి, దెందులూరు దిబ్బలు ఒక అమ్మ పేరుతో, ఒక లింగం పేరుతో ఉన్నాయి. గుంటుపల్లి స్తూపం ధర్మలింగేశ్వరుడైన తీరే ఇక్కడా కనిపిస్తుంది. చారిత్రక జ్ఞాపకం చెరిగిన చోట గ్రామదేవతల, శైవక్షేత్రాల పేర్లు వచ్చి నిలిచాయి.

5. లంక: కొల్లేటికోట

పెదవేగికి దక్షిణాన కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు విస్తరించి ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీటిని తెచ్చి కలుపుతాయి. ఆకివీడు వైపుగా సాగే ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతానికి చేరుస్తుంది. ఈ సరస్సు మధ్య లంకగ్రామాలలో కైకలూరు మండలంలోని కొల్లేటికోట ఒకటి. అక్కడి పెద్దింట్లమ్మ ఆలయం, ఫాల్గుణమాసపు జాతర ఈ ప్రాంతమంతటా ప్రసిద్ధం.

కొల్లేటికోటను గురించిన ఐతిహ్యం ఇది. గజపతుల సేనాని లంకలోని కోటలో ఉండగా, శత్రుసేన ఒడ్డున చిగురుకోటలో విడిసింది. నీరే కోటకు రక్షణ కావడంతో, శత్రువులు సరస్సు నీటిని సముద్రంలోకి దించివేయడానికి కాలువ తవ్వసాగారు. విజయం కోరి సేనాని తన కూతురినే బలి ఇచ్చాడు. ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు.

ఈ కథను యుద్ధచరిత్రగా స్వీకరించడం కష్టం. నీటివ్యవస్థను గురించిన జనవిజ్ఞానంగా చదివితే దానికి విలువ పెరుగుతుంది. కొల్లేరు మట్టం ఉప్పుటేరు మార్గం మీద ఆధారపడి ఉంటుందని, ఆ మార్గాన్ని మార్చితే లంకల బతుకు మారుతుందని కథ కట్టినవారికి తెలుసు. ఆ మార్పు వెల ఒక ఆడపిల్ల ప్రాణమని కూడా వారు గుర్తుంచుకున్నారు. పేరంటాలు అన్న మాటలో పూజ ఎంతుందో, ఆ పూజకు కారణమైన మరణమూ అంతే ఉంది. కోటగోడల కంటే ఈ కథే ఎక్కువ కాలం నిలిచింది.

లంకలో ఊరు ఉండడం కొత్త కాదు. మధ్యయుగ శాసనాలలో కొలను, సరసీపురి అన్న పేర్లతో కనిపించే పట్టణాన్ని పరిశోధకులు కొల్లేటి ప్రాంతంలోనే గుర్తించారు. విక్రమచోళుని శాసనాలలో కనిపించే తెలుగు భీముడు ఆ కొలనుకు ప్రభువు. వేంగి రాజధానిగా తెరమరుగైన తరువాత కూడా సరస్సును ఆశ్రయించిన పట్టణజీవనం కొనసాగిందనడానికి ఇది నిదర్శనం.

6. పేరు: భాషలో నిలిచిన పట్టణం

వేంగి, వేఁగి, వేగి అన్న రూపక్రమం తెలుగు ధ్వనిపరిణామానికి చక్కని ఉదాహరణ. దీర్ఘాచ్చు తరువాతి పూర్ణానుస్వారం అర్ధానుస్వారమై, ఆ తరువాత ఉచ్చారణలో లోపించింది. రాజధాని చిన్న గ్రామమైనా పేరు మాత్రం భాషానియమం ప్రకారమే మారింది. పెద, చిన అన్న విశేషణాలు చేరి పెదవేగి, చినవేగి ఏర్పడ్డాయి. లెందులూర దెందులూరు కావడంలో ఆదివర్ణం మారినా ఊరు గుర్తించరానంతగా మారలేదు.

ఊరు దాటి పేరు విస్తరించిన తీరు మరొకటి. వేగినాడు ఒక ప్రాంతనామమైంది, ఒక బ్రాహ్మణశాఖకు పేరైంది. ఆ శాఖవారు ఏ జిల్లాలో స్థిరపడినా ఈ ఊరి పేరును వెంట తీసుకుపోయారు. కొలను అన్న పదం ఆరుగొలను వంటి ఊరిపేర్లలో ఉంది. ఆకివీడులోని వీడు అన్న మాటకు ప్రాచీన తెలుగులో పట్టణం, దండు విడిసిన చోటు అన్న అర్థాలున్నాయి. నేటి వాడుకలో వీడు విడిపదంగా దాదాపు లేదు. ఊరిపేరులో మాత్రం రోజూ పలుకుతున్నారు.

వేంగిరాజుల తెలుగు కూడా వేంగిలో కంటే బయటే ఎక్కువగా మిగిలింది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని తరువోజ పద్యశాసనం అద్దంకిలో, యుద్ధమల్లుని మధ్యాక్కర శాసనం బెజవాడలో లభించాయి. తెలుగు ఛందస్సు చరిత్రకు కీలకమైన ఆధారాలను రాజధాని నేల కాక సరిహద్దు సీమలూ నదీతీరాలూ భద్రపరచాయి. ఆంధ్రప్రశస్తిలో విశ్వనాథ సత్యనారాయణ వేంగీక్షేత్రాన్ని కవితావస్తువుగా గ్రహించడానికి ప్రేరణ ఈ వైరుధ్యంలోనే ఉంది. ఘనమైన పేరు, దానికి దీటుగా చూపడానికి ఏమీ లేని నేల.

7. పరిరక్షణ: చట్టం, జనజీవనం

జాతీయ ప్రాముఖ్యం గల పురాతన కట్టడాలకు, స్థలాలకు 1958 నాటి చట్టం రక్షణ కల్పించింది. 2010 సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుండి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గుంటుపల్లి కొండమీద ఈ నియమం అమలుకు పెద్ద ఇబ్బంది లేదు. జనావాసాల నడుమ ఉన్న దిబ్బల విషయంలో అదే నియమం ఒక కుటుంబం ఇంటిమీద గది వేసుకోవడానికి అడ్డం కావచ్చు. కొండకు సరిపోయిన పద్ధతి ఊరికి సరిపోదు.

కొల్లేరు చరిత్ర ఇదే పాఠాన్ని మరింత తీవ్రంగా చెబుతుంది. సరస్సులో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల అయింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. పక్షులకు, నీటిపారుదలకు అవసరమైన ఆ చర్య, చెరువుల మీద బతుకుతున్న లంకవాసుల జీవనాధారాన్ని కదిలించింది. లంకలో ఊరు ఎప్పటినుండి ఉంది, దాని హద్దులేమిటి, ఏ చెలకకు ఏ పేరుంది అన్న సమాచారం పక్షుల లెక్కలంత శ్రద్ధగా సేకరించవలసినది.

కొప్రివ్‌ష్టిత్సాతో పోలిక ఇక్కడ మళ్లీ పనికివస్తుంది. అక్కడ రక్షించినది ఊరినే కనుక, ఊరివారి గృహజీవనమే వారసత్వంగా గుర్తింపు పొందింది. వేంగీసీమలో రక్షణ దిబ్బకు, పక్షికి, గుహకు లభించింది. వాటికి పేరు పెట్టి, కథ కట్టి, పూజించిన జనవ్యవహారానికి రికార్డులలో చోటు దొరకలేదు. ఈ వ్యాసంలో చూసిన ఆధారాలలో సగానికి పైగా ఆ వ్యవహారం నుండి వచ్చినవే.

8. ముగింపు

వేంగీసీమలో వారసత్వం నాలుగు ఆశ్రయాలలో నిలిచిందని ఈ పరిశీలన వల్ల తేలుతుంది. గుంటుపల్లిలో రాయి, ఆరాధన కలిసి కాపాడాయి. పెదవేగి, దెందులూరులలో నేల కొంత దాచింది, సేద్యమూ నిర్మాణమూ కొంత ఖర్చు చేశాయి. కొల్లేటికోటలో కథ, జాతర కాపాడాయి. ఈ మూడింటినీ కలిపే సూత్రం స్థలనామం. తవ్వకానికి నిధులు, అనుమతులు, నిపుణులు కావాలి. పేర్ల సేకరణకు తెలుగు తెలిసిన పరిశోధకుడు, ఓపికగా చెప్పే ఊరిపెద్ద ఉంటే చాలు.

ఆ పనికి వ్యవధి తక్కువ. దిబ్బ చదునై ఇళ్ల స్థలమైతే సర్వే నంబరు మిగులుతుంది, పేరు పోతుంది. చేను చెరువైతే ఆ చేని పేరు పలకవలసిన అవసరం ఒక తరంలో తీరిపోతుంది. తెలుగుశాఖల పరిశోధకులు పెదవేగి, దెందులూరు, కైకలూరు, ఆకివీడు మండలాల్లోని దిబ్బల, పాటిస్థలాల, లంకల, కనుమల పేర్లను గ్రామాలవారీగా, ఉచ్చారణ సహితంగా, చెప్పినవారి వివరణలతో నమోదు చేస్తే పురావస్తుశాఖకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది, భాషాచరిత్రకు కొత్త రూపాలు దొరుకుతాయి. వేంగీపురం ఇళ్లను తిరిగి నిలబెట్టలేము. వాటి నేలకు అక్కడివారు పెట్టుకున్న పేర్లు ఇంకా వారి నోళ్లలో ఉన్నాయి.